అర్జీ అడిగితే ప్రార్థన

2012 జూలై. మేడ్చల్ దారిలో గుండ్లపోచంపల్లి దగ్గర, ఒక చర్చి వెనక ఉన్న రేకుల హాలు. వాన పడితే నా మాట ఎవరికీ వినిపించదు. పడకపోతే ఉక్కపోతకు ఎవరూ వినరు. డిప్యూటీ తహశీల్దారుగా రిటైరై ఏడాది కూడా కాకముందే ఆ హాల్లో ప్రతి శనివారం పాఠం చెప్పడానికి, బుద్ధి గడ్డి తిని, ఒప్పుకున్నాను.

పాఠం పేరు ‘విశ్వాస దృష్టిలో ప్రజాసేవా నాయకత్వం’. ఆ పేరు నేను పెట్టింది కాదు. పాస్టర్ గారు పెట్టి, ఫ్లెక్సీ కొట్టించి, గుమ్మం మీద కట్టించారు. అందులో ఆయన ఫొటో నిలువెత్తున ఉంది, నాది తపాలా బిళ్ళంత ఉంది. గ్రూప్ పరీక్షలకు చదువుకునే మా చర్చి సంఘం పిల్లలు, కండ్లకోయ కాలేజీల్లో ఇంజనీరింగ్ ముగించి ఉద్యోగం దొరకనివాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే ఇతర మతాల పిల్లలు ఇద్దరు ముగ్గురు, అంతా కలిపి ఇరవై రెండు మంది. చరిత్ర, ఎకానమీ చెప్పే మాస్టర్లు వేరే ఉన్నారు. రేపు వీళ్ళు ఆఫీసర్లయ్యాక ఆ కుర్చీలో ఎలా కూర్చోవాలో చెప్పడం నా వంతు. హాలు మాత్రం సాల్మన్ గారిది. ఆయన మా సంఘ పెద్ద. గోదాములు, ప్లాట్ల వెంచర్లు ఉన్న మనిషి. అద్దె లేకుండా ఇచ్చాడు.

మొదటి శనివారం, ప్రభువు నడుముకు తువాలు చుట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగిన ఘట్టం తీసుకున్నాను. ఆఫీసులో కుర్చీ ఎత్తు పెరిగేకొద్దీ మనిషి ఎంత వంగాలో గంటసేపు చెప్పాను. ముగించి, ఏమైనా అడుగుతారా అన్నాను. వెనక బెంచీ నుంచి ఒక చెయ్యి లేచింది.

“సార్, ఇందులకెల్లి బిట్లు వస్తయా?”

బిట్ అంటే నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే ప్రశ్న. కాళ్ళు కడగడంలోంచి బిట్లు రావని చెప్పాను. వెంటనే సగం మంది నోటుబుక్కులు మూసేశారు.

రెండో శనివారం ఇంకా అన్యాయం. జనం మీద పెత్తనం చేసే రాజుల్లా మీరు ఉండవద్దని ప్రభువు శిష్యులతో చెప్పిన సందర్భం తీసుకున్నాను. మన పాత తెలుగు బైబిల్ అనువాదంలో పెత్తనం చేయడాన్ని ‘ప్రభుత్వము చేయుట’ అంటారు. ఇంజనీరింగ్ చదివిన ఒకతను లేచి, చాలా వినయంగా అడిగాడు.

“సార్, మనం ప్రభుత్వం జెయ్యొద్దని వాక్యంలనే ఉన్నది. మరి ప్రభుత్వ నౌకరికి పోతే పాపం గాదా?”

నవ్వలేదు, వేళాకోళం కాదు. నిజంగానే వారం రోజులు ఆ సందేహంతో నలిగిపోయాడట. అతనికి నచ్చజెప్పడానికి ముప్పావు గంట పట్టింది. ఆ రోజు ఇంటికి వచ్చి బీపీ బిళ్ళ రెండోసారి వేసుకోబోతే మా ఆవిడ పట్టుకుంది.

నేను విశ్వాసం లేనివాణ్ణి కాను. మా సొంతూరు కౌకూర్‌లో మా నాయిన చర్చి గంట కొట్టేవాడు, నేను ఆ గంట తాడు పట్టుకుని ఊగి తన్నులు తిన్నవాణ్ణి. కానీ ముప్ఫై ఏళ్ళు రెవెన్యూలో పనిచేసినవాడికి ఒక సంగతి తెలుస్తుంది. ఆఫీసరు మంచివాడా కాడా అన్నది అతని మాటల్లో కనిపించదు, అతను రాసిన కాగితంలో కనిపిస్తుంది. అందుకని మూడో వారానికి ఉపన్యాసాలు ఆపేసి, పిల్లల్ని కాగితం మీదికి దించాను.

సోమవారం మండల ఆఫీసుల్లో జనం అర్జీలు ఇచ్చుకునే రోజు. ఒక ఆఫీసులో తహశీల్దారు ఒకప్పుడు నా దగ్గర జూనియర్‌గా పనిచేసినవాడే. ఏ మండలమో చెప్పను, అక్కడ నాకింకా స్నేహితులున్నారు. అతన్ని అడిగి వరండాలో ఒక బల్ల వేయించుకున్నాను. వంతులవారీగా మా పిల్లలు ఇద్దరు అక్కడ కూర్చోవాలి. చదువు రానివాళ్ళ గోడు విని, అర్జీ రాసి, టపాల్లో ఇప్పించాలి. టపాల్ అంటే వచ్చిన కాగితాలు తీసుకుని, ముద్ర వేసి, ఇన్‌వర్డ్ నంబరు ఇచ్చే సీటు. ఆ నంబరు పడ్డాకే అర్జీకి ప్రాణం వస్తుంది. అంతవరకు అది ఉత్త కాగితం.

వాళ్ళకొక రిజిస్టరు ఇచ్చాను. ఎవరు వచ్చారు, ఏం అడిగారు, ఏం రాశాం, దస్తూరి ఎవరిది. నాలుగు గడులు. దస్తూరి అంటే ఆ కాగితం రాసిన చెయ్యి ఎవరిదో చెప్పే పేరు, సంతకం. పాతకాలం దస్తావేజుల కింద ఇప్పటికీ ఉంటుంది. చట్టానికి అది అక్కర్లేదు, అర్జీదారు వేలిముద్ర చాలు. అయినా నేను పట్టుబట్టాను. రాసినవాడి పేరు కింద ఉంటే, ఇది రాసింది నేనే, అడగండి చెబుతాను అన్నట్టు. దస్తూరి లేకుండా ఇద్దరు రాసుకొచ్చిన అర్జీలు వాళ్ళ ఎదుటే చించేసి, మళ్ళీ రాయించాను. నాయకత్వం గురించి నాకు తెలిసిందంతా ఆ ఒక్క గడిలో ఉందని క్లాసులో గట్టిగానే అన్నాను.

ఈ పని బాగా చేస్తుందని నేను నమ్మిన అమ్మాయి మేరీ సుజాత. ఇరవై ఆరేళ్ళు. తండ్రి లేడు, తల్లి గోదాములో ప్యాకింగ్ పనిచేసేది. మాక్ టెస్టుల్లో ఎప్పుడూ మొదటి స్థానం. క్లాసు మొదట్లో ప్రార్థన కూడా ఆమే చేసేది. ఆ ప్రార్థన వింటే రాళ్ళు కూడా కరుగుతాయనిపించేది. ఆర్డీఓ కావాలని ఆమె కోరిక. మిగిలిన ఇరవై ఒక్క మందినీ భరించి నేను ఆ హాలుకు వెళ్ళానంటే ఈ పిల్ల కోసమే.

ఆగస్టులో ఒక శనివారం రిజిస్టరు తిరగేస్తున్నాను. సుజాత వరుసలో ఇలా ఉంది. ఎవరు: ఖాజాబీ, శామీర్‌పేట అవతలి ఊరు. ఏం అడిగారు: భూమి సమస్య. ఏం రాశాం: ప్రార్థన.

నాలుగో గడి ఖాళీ.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. ప్రార్థనే.

“సుజాతా, ఇదేంది?”

“ఏది సార్?”

“ఏం రాశాం అన్న గడిల ప్రార్థన అని ఉన్నది.”

“అవ్వ మస్తు ఏడ్సింది సార్. చెయ్యి పట్టుకొని ప్రార్థన జేసిన. మనసు నిమ్మళమైంది అన్నది.”

“మనసు నిమ్మళమైంది. మరి భూమి?”

ఆమె తల దించుకుంది.

“అర్జీ రాసినవా, లేదా?”

“లేదు సార్.”

“ఆమె దగ్గర కాగితం ఏమన్న ఉండెనా?”

“నోటీసు ఉండె సార్. ముటేషన్‌ది.”

భూమి చేతులు మారినప్పుడు రికార్డులో పాత పేరు తీసి కొత్త పేరు ఎక్కించడమే ముటేషన్. ఎక్కించే ముందు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఫలానా తేదీలోగా చెప్పండని నోటీసు ఇస్తారు. చెప్పకపోతే ‘అభ్యంతరములు రానందున’ అని ఒక్క వాక్యం రాసి పేరు మార్చేస్తారు. ఆ వాక్యం నా సర్వీసులో నేను ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ వాక్యం కింద ఎంతమంది నలిగిపోయారో కూడా నాకు తెలియదు.

“గడువెప్పటిదాకున్నది?” అని అడిగాను.

సుజాత తల ఎత్తలేదు. “గీ సోమవారం సార్.”

నేను బల్ల మీద కొట్టిన దెబ్బకు చాక్‌పీసుల డబ్బా కింద పడింది. ఇరవై రెండు మందిలో ఎవరికి ఈ తెలివి తక్కువ పని చేసే హక్కున్నా ఈ పిల్లకు లేదనిపించింది. వెనక బెంచీ నుంచి మళ్ళీ అదే గొంతు.

“సార్, ప్రార్థన జేసుడు తప్పా?”

“కాలు విరిగినోడు దవాఖానకు వస్తే డాక్టరు కట్టు కట్టాలె. ప్రార్థన గూడ జేస్తే మంచిదే. కట్టు కట్టకుండ ప్రార్థనొక్కటే జేసి పంపిస్తే వాన్ని ఏమనాలె?”

క్లాసు అక్కడితో ఆపేసి, సుజాతను వెంటబెట్టుకుని బయల్దేరాను. రిజిస్టరులో ఖాజాబీ ఫోన్ నంబరు కూడా రాసుకోలేదు మరి. మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు షేరింగ్ ఆటో, అక్కడి నుంచి ఇంకో ఆటో. దారి పొడుగునా నేను సణుగుతూనే ఉన్నాను. ఆమె రోడ్డు వైపు తల తిప్పుకుని కూర్చుంది.

ఖాజాబీ ఇంటి ముందు కూర్చుని పాలకూర కట్టలు కడుతోంది. అరవై దాటిన మనిషి. ఆమెకున్నది ఇరవై గుంటలు, అంటే అర ఎకరం. అందులో ఆకుకూర వేసి సంతకు తీసుకెళ్తుంది. సుజాతను చూడగానే ముఖం విప్పారింది.

“సలాం సారూ, కూసోండ్రి. గీ బిడ్డ నాకు ఎంత మంచిగ దువా జేసిందనుకున్నరు! ఏసు పేరు మీద జేసింది. నేను అల్లా పేరు దల్సుకొని ఆమీన్ అన్న. ఏ పేరైతేంది, మంచి మాటనే గద. కానీ సారూ, కాగితమే రాయలే. బిడ్డా కాగితం, బిడ్డా కాగితం అని రెండుసార్లు అడిగిన. కండ్లు మూసుకున్నది, తెరవనే తెరవలే.”

నాకు నవ్వు రాలేదు. సుజాత పాలకూర కట్టల వైపు చూస్తోంది.

నోటీసు తీసుకుని చదివాను. పట్టాదారు పేరు కాజమ్మ, భర్త మదారు. కాజమ్మ కొడుకునని, వారసుణ్ణని చెప్పుకున్న ఒకతను ఆ ఇరవై గుంటలు అమ్మాడట. రిజిస్ట్రేషన్ అయిపోయింది. కొన్నవాళ్ళు పేరు మార్చమంటున్నారు.

“మీ పేరు ఖాజాబీ గదమ్మా. కాజమ్మ అని ఎట్ల ఎక్కింది?”

“ఊర్లె అందరు కాజమ్మనే అంటరు సారూ. మా మదార్ సాబ్ పోయినంక భూమి నా పేరు మీద జేసేటప్పుడు నోటికొచ్చింది రాసిండ్రు. నాకు సదువు రాకపాయె. ఏ పేరైతేంది, నేనే గద అనుకున్న.”

“మీకు కొడుకున్నడా?”

“ఇద్దరు ఆడబిడ్డలే నాకు. కొడుకు పుట్టిండని గీ కాగితం జెప్తాంది సారూ, నాకే తెల్వదు.”

అంటూ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “గా జాగ పోతే నేనేం దినాలె? బిడ్డల ఇండ్లకు పోయి కూసుండాల్నా? నా ఆకుకూర నేను అమ్ముకుంటున్న, ఎవ్వల జోలికీ పోలే. మస్తు పరేషాన్ అయితాంది సారూ.”

సోమవారం పొద్దున్నే పాస్‌బుక్కు, రేషన్ కార్డు, మదార్ సాబ్ కాగితాలు ఏవి ఉంటే అవి పట్టుకుని ఆఫీసుకు రమ్మన్నాను. అప్పుడు చివరగా నోటీసు అడుగున ఉన్న అర్జీదారు పేరు, అంటే భూమి కొన్నాయన పేరు, చూశాను. సాల్మన్. గుండ్లపోచంపల్లి.

మా సాల్మన్ గారే. మా హాలు ఆయనదే.

ఆటోలో తిరిగి వస్తుంటే నేను సణగలేదు. శామీర్‌పేట దాటాక సుజాతే మాట్లాడింది.

“నోటీసు చదువంగనే పేరు జూసిన సార్. మా అమ్మ పని ఆయన గోదాంలనే. అర్జీ రాస్తే దస్తూరి రాయాలె గద. నా పేరు ఆయన కండ్ల పడ్తది. ఏం జెయ్యాల్నో తెల్వలే. అవ్వ చెయ్యి పట్టుకున్న. ప్రార్థన జేసిన.”

“మరి నాకెందుకు జెప్పలే?”

“జెప్తే మీరు రాయమంటరు సార్.” నా వైపు తిరిగి అడిగింది. “ఇప్పుడు మీరు రాయిస్తరా సార్? హాలు ఆయనదే గద.”

“సూద్దాం,” అన్నాను. “పాస్టర్ గారితో ఒక మాట మాట్లాడుదాం.”

సూద్దాం! ముప్ఫై ఏళ్ళు జనాన్ని ఆఫీసు చుట్టూ తిప్పిన మాట. ఆ పిల్ల నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మర్నాడు ఆరాధన అయ్యాక పాస్టర్ గారిని పక్కకు పిలిచి అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. కళ్ళు మూసుకున్నారు. తెరిచారు.

“సార్ గారూ, ఈ విషయం మనం ప్రార్థనలో పెడదాం.”

“అయ్యగారూ, రేపు సాయంత్రం అయిదింటికి గడువు.”

“దేవుని సమయం వేరు గదండీ. సాల్మన్ గారు దైవభయం గల మనిషి. వచ్చే వారం నేను నెమ్మదిగా మాట్లాడతాను. మీరు ఇప్పుడే కాగితం పెడితే సంఘంలో విభజన వస్తుంది. ఇరవై రెండు మంది పిల్లల భవిష్యత్తు మీ చేతిలో ఉంది, అది కూడా ఆలోచించండి.”

నాకు ఒళ్ళు మండిపోయింది. దేవుని సమయం వేరైతే కావచ్చు, టపాల్ సీటు సమయం మాత్రం అయిదు గంటలేనని అనాలనుకున్నాను. అనలేదు. ఎందుకంటే ఆ ఇరవై రెండు మంది మాట ఆయన కంటే ముందు నా మనసులోకే వచ్చింది. సాల్మన్ గారు కూడా మోసపోయి కొన్నాడేమో, కూర్చోబెట్టి మాట్లాడితే సర్దుకుంటుందేమో అని అప్పటికే నాకు నేను నచ్చజెప్పుకుంటున్నాను. ఇన్ని రోజులు ఆ పిల్లల మీద, ఆ బిట్ల మీద, ఆ ఫ్లెక్సీ మీద విసుక్కున్నాను గానీ, ఆ ఆదివారం మధ్యాహ్నం నా మీద నాకు వచ్చిన విసుగు ముందు అవేవీ లెక్కలోవి కావు.

సోమవారం పదింటికల్లా ఖాజాబీ వరండాలో ఉంది. ఒళ్ళో గుడ్డసంచి. అందులో పాస్‌బుక్కు, రేషన్ కార్డు, మదార్ సాబ్ మరణ పత్రం, ఎందుకైనా మంచిదని కరెంటు కాగితం కూడా తెచ్చుకుంది. ఆ రోజు వంతు సుజాతది కాదు. అయినా వచ్చి బల్లకు ఒక వైపు నిలబడింది.

“నువ్వు జరుగు, నేనే రాస్తా,” అన్నాను. మంచివాడిలాగే అన్నాను.

రాయడం నాకు చేతనైన పని. పట్టాదారు కాజమ్మ, ఈ ఖాజాబీ ఒక్కరేనని, ఆమెకు కొడుకు లేడని, భూమి ఆమె సాగులోనే ఉందని, ఎవరికీ అమ్మలేదని, విచారణ జరిపేదాకా ముటేషన్ ఆపాలని రాశాను. జత చేసిన కాగితాలకు వరుస నంబర్లు వేశాను. ఖాజాబీకి చదివి వినిపించాను. “గంతే సారూ, గదే నిజం” అంది. ఇంకు పూసి వేలిముద్ర వేయించాను. పెన్ను మూత పెట్టి, జేబులో పెట్టుకుని, కాగితం తీసుకుని టపాల్ వైపు లేచాను.

“సార్,” అంది సుజాత.

“ఏంది?”

“దస్తూరి రాయలే.”

మరిచిపోలేదు నేను. అది నిజం. రాయకూడదని ఆదివారమే అనుకున్నాను. అర్జీ పడుతుంది, ఖాజాబీ భూమి నిలుస్తుంది, రాసింది ఎవరో సాల్మన్ గారికి తెలియదు, హాలు ఉంటుంది. అందరికీ మంచిదే కదా!

“అది లేకున్నా అర్జీ చెల్లుతది సుజాతా.”

“మావి చించిండ్రు గద సార్.”

వరండాలో జనం ఉన్నారు. నేను గొంతు తగ్గించాను. “హాలు పోతది. మీ అందరి క్లాసు పోతది. కొంచెం అర్థం జేస్కో.”

“అర్థమైతాంది సార్. మొన్న నేను గూడ గిట్లనే అనుకున్న. అమ్మ పని పోతదని. గందుకే కండ్లు మూసుకున్న.”

ఎదిరించినట్టు అనలేదు. తోటి మనిషితో అన్నట్టు అంది. నా చేతిలోంచి కాగితం తీసుకుని బల్ల మీద పరిచింది. పెన్ను అడిగింది. ఇచ్చాను. అడుగున ఎడమ పక్క ‘దస్తూరి’ అని రాసి ఆగింది.

“రాత నాది గాదు సార్. నా పేరు రాస్తే అబద్ధమైతదా?”

అప్పుడు నాకు సిగ్గేసింది. నిజంగా, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె చేతిలోంచి పెన్ను తీసుకుని ఆ మాట ఎదురుగా నా పేరు పూర్తిగా, రిటైర్డ్ డిప్యూటీ తహశీల్దారు అని హోదాతో సహా రాసి, సంతకం పెట్టాను. దాని కింద ఆమె ‘చదివి వినిపించగా సాక్షి’ అని రాసి, మేరీ సుజాత అని, తండ్రి పేరు, ఊరు కూడా రాసింది. అక్షరాలు స్పష్టంగా పడ్డాయి.

టపాల్ సీటులో ముద్ర పడింది, ఇన్‌వర్డ్ నంబరు పడింది. నకలు మీద కూడా ముద్ర వేయించి ఖాజాబీ చేతిలో పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, మడిచి, సంచి అడుగున దాచుకుంది. తర్వాత సుజాత చెయ్యి పట్టుకుంది.

“కాగితమైతే అయింది. ఇగ ఇప్పుడు జెయ్ బిడ్డా నీ దువా. గా దినం నా పానం కాగితం మీదనే ఉండె, ఒక్క మాట గూడ ఇనబడలే.”

సుజాత కళ్ళు మూసుకుంది. రాళ్ళు కరిగించే ఆ పిల్లకు ఆ రోజు నోట మాట రాలేదు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే ఖాజాబీయే ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఏదో గొణిగి ఆమీన్ అంది. నేను టపాల్ గుమాస్తాతో ఏదో పని ఉన్నట్టు అటు తిరిగాను.

తర్వాత జరిగింది పెద్ద వింతేమీ కాదు. మూడో రోజు సాల్మన్ గారు ఫోన్ చేశాడు. అరవలేదు. “సార్, మీరన్నా నాకొక మాట జెప్పాల్సి ఉండె,” అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది, ఎందుకంటే అది పూర్తిగా తప్పు కాదు. ఆయన తెలిసి కొన్నాడో, మోసపోయి కొన్నాడో నాకు ఈనాటికీ తెలియదు. చెప్పి ఉంటే మాత్రం సోమవారం దాటిపోయేది.

ఆ శనివారం హాలుకు తాళం ఉంది. రేకులు రిపేరు అన్నారు. ఫ్లెక్సీ ఉంది గానీ అందులో నా ఫొటో మీద తెల్ల కాగితం అంటించి ఉంది. కండ్లకోయలో ఒక విద్యార్థి మేనమామ మెకానిక్ షెడ్డు ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటుందంటే అక్కడికి మారాం. ఇరవై రెండు మందిలో పదకొండు మంది వచ్చారు. బిట్లు అడిగే గొంతు రాదేమో అనుకున్నాను. మొదట వచ్చింది అతనే. సుజాత తల్లిని పనిలోంచి తీసేయలేదు, లోడింగ్ వైపు మార్చారు. ఆ బరువులు ఒక నెల మోసి, ఆమే మానేసింది. వేరే చోట పని దొరికేదాకా ఆ ఇంట్లో ఎలా గడిచిందో సుజాత నాకు చెప్పలేదు, నేను అడగలేకపోయాను.

విచారణ నెలల తరబడి సాగింది. కొడుకునని చెప్పుకున్నవాడు ఒక్క వాయిదాకూ రాలేదు. చివరికి ముటేషన్ తిరస్కరించారు. రికార్డులో కాజమ్మ పేరు ఖాజాబీగా సరిదిద్దారు. సుజాత ఆర్డీఓ కాలేదు. 2014లో పంచాయతీ సెక్రటరీగా చేరింది.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు, ఉండబోయేవాళ్ళు ఇది చదువుతుంటే ఒక్క మాట. భక్తి ఉన్న ఆఫీసరు చెడ్డవాడు కావడం నేను తక్కువగానే చూశాను. కానీ భయపడినప్పుడు దాక్కోవడానికి భక్తి చాలా మంచి చోటు. సుజాత అందులోకి దూరింది. పాస్టర్ గారు దూరారు. నేను ప్రార్థన కూడా చేయకుండా, పిల్లల భవిష్యత్తు అనే ఇంకా మంచి మాట వెనక దూరాను. మా ముగ్గురిలో తనంతట తాను బయటికి వచ్చింది ఆమె ఒక్కతే. నన్ను బయటికి లాగింది కూడా ఆమే.

నాయకత్వం పాఠం తర్వాత కూడా రెండేళ్ళు చెప్పాను. సుజాత ఒకటి రెండుసార్లు వచ్చి కొత్త పిల్లలతో మాట్లాడింది. వరండా గురించి చెప్పింది, ఖాజాబీ గురించి చెప్పింది, తాను భయపడి ప్రార్థన చేసి పంపించేసిన సంగతి ఏమీ దాచకుండా చెప్పింది. నేను దస్తూరి లేకుండా కాగితం పట్టుకుని లేచిన సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. మా సార్ రాసిండ్రు, నేను సాక్షి సంతకం పెట్టిన అనేది, అంతే. ఆ రెండుసార్లూ నేను పక్కనే కూర్చున్నాను, ఆ రెండుసార్లూ నోరు విప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.